వెనీలా కాయల మీది తెల్ల పొడి

2004 జూన్‌లో సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆహార పరీక్షా ప్రయోగశాలలో నన్ను సీనియర్ అనలిస్టుగా వేశారు. పైన చీఫ్ కెమిస్టు ఉన్నా, మసాలా దినుసుల రిపోర్టు మీద సంతకం నాదే. ఆ సంతకం చూసుకుని కాస్త మురిసిపోయేవాణ్ణి కూడా.

ఆ చలికాలంలో యాదగిరి గారు ఒక రేకు డబ్బా పట్టుకొచ్చారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరై, యాప్రాల్‌లో ఇంటి వెనక ఎండ తగ్గించే షేడ్‌నెట్ కింద వెనీలా పెంచిన మనిషి. వెనీలా ఒక ఆర్కిడ్ తీగ, పుట్టిల్లు మెక్సికో. ఆ పువ్వును ఎరిగిన తేనెటీగలు అక్కడున్నాయి, మన దగ్గర లేవు. పువ్వు తెల్లవారి విచ్చి మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. ఆలోగా మనిషే పుల్లతో ఒక్కో పువ్వుకూ పుప్పొడి అంటించాలి. కాయ ముదరడానికి తొమ్మిది నెలలు. ఇంతా చేస్తే పచ్చికాయకు వాసనే ఉండదు. వేడినీళ్లలో ముంచి, రోజూ కాసేపు ఎండబెట్టి, కంబళిలో చుట్టి చెమర్చనిచ్చి, నెలల తరబడి నీడన ఆరబెడితేనే నల్లబడి పరిమళిస్తుంది. ఇదంతా ఆయన పుస్తకాలు చూసి ఒక్కరే చేశారు.

"మూడేండ్ల మెహనత్ సార్. మీ కాయిదం ఉంటేనే ఐస్‌క్రీమ్ కంపెనోళ్లు తీస్కుంటమన్నరు. జెర మంచిగ చూడుండ్రి" అన్నారు.

మూత తీయగానే గదంతా కమ్మని వాసన. కానీ కాయల మీద సన్నటి తెల్ల పొడి కనిపించింది. అప్పటిదాకా నేను చూసినవి మిరియాలు, పసుపు, ఎండుమిర్చి. వాటి మీద తెల్లగా ఉందంటే బూజే. లెన్సు కింద పెట్టి చూడాలన్న నియమం ఉంది, నా కళ్లకు అవసరం లేదనుకున్నాను. 'బూజు పట్టినది, తినడానికి పనికిరాదు' అని రాసి సంతకం పెట్టాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఎవరైనా రిపోర్టును కాదంటే మళ్లీ పరీక్షించడానికి ప్రతి నమూనాలో సగం సీలు వేసి మూడు నెలలు దాచేవాళ్లం. గడువు తీరాక, పారేసేముందు ఆ పొట్లం విప్పాను. బూజైతే ఈపాటికి ముక్కిన వాసన కొట్టాలి. పరిమళం ఇంకా పెరిగింది. అప్పుడు పెట్టాను లెన్సు కింద. తళతళలాడే సూదులు! ఒక చుక్క స్పిరిట్ వేస్తే కరిగిపోయాయి, బూజు అలా కరగదు. అది వెనిలిన్, కాయకు ఆ వాసననిచ్చే పదార్థం. చక్కగా పక్వం చేసిన కాయల మీదే అలా పైకి తేలి స్ఫటికాలు కడుతుంది. నేను పనికిరాదన్నది మేలురకాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

చీఫ్ కెమిస్టుకు ఒప్పుకుని, సవరించిన రిపోర్టుతో యాప్రాల్ వెళ్లాను. షేడ్‌నెట్ కింద బెండ మొక్కలున్నాయి. కాయలన్నీ కాల్చేశానన్నారు యాదగిరి గారు.

"ఎవరన్న తింటే తక్లీఫ్ గద సార్. నాకే చేసుడు రాలేదనుకున్న. తీగలు సుత పీకేసిన."

కొత్త రిపోర్టు రెండుసార్లు చదివారు. నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది.

"గిది గప్పుడే చూస్తే అయిపోవు గద సార్" అన్నారు, అంతే. క్షమించమని అడిగాను. టీ తాగి వెళ్లమన్నారు.

రిటైరయ్యేదాకా లెన్సు కింద చూడనిదే 'బూజు' అన్న మాట రాయలేదు. ఆ రోజు 'తెల్లని పొడి ఉంది' అని రాసి ఊరుకోవాల్సింది. నాకు తెలిసింది అంతవరకే.