అందింది, ఓవర్

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. సరిహద్దు మంచుకొండల్లో మా ఆర్మీ పోస్టు పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. మా ఊరు గరివిడి టీ కొట్టులో అది ఇరవై రెండు వేలు. ఎవరైనా పకోడీలు పెట్టిస్తే ఇంకాస్త పెరుగుతుంది. సగం తగ్గించుకుని చదవండి.

జనవరిలో హెలికాప్టరు మమ్మల్ని అక్కడ దించింది. ఒక గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్, ముక్కులో మసి. టూత్‌పేస్టుని రంపంతో కోసుకునేవాళ్లం. వైద్య సహాయకుణ్ణి అందరం డాక్టరనే పిలిచేవాళ్లం. ఆయన మొదటి ఆర్డరు ఇదీ: "వేలు నొప్పి పుడితే సంతోషించండి. నొప్పి ఆగిపోతే నన్ను లేపండి."

రేడియో సెట్టు చూసుకునేవాడు కళింగపట్నం వాడు, చేపల వేటకెళ్లే ఇంటివాడు. ఊళ్లు దగ్గరని నన్ను మావా అనేవాడు. ఒక మధ్యాహ్నం సెట్టులో వాళ్ల నాన్న పోయిన కబురు వచ్చింది. అందుకున్నది వాడే. "అందింది, ఓవర్" అన్నాడు. నా వైపు తిరిగి, "మావా, మా నాన్న పోయాడంట" అన్నాడు, గాలివాన కబురు చెప్పినట్టు.

మబ్బు వల్ల వాణ్ణి ఇంటికి పంపే హెలికాప్టరు రాలేదు. వాడు తినడం మానేశాడు. మర్నాడు కాపలా నుంచి ఒక చేతికి గ్లవ్ లేకుండా వచ్చాడు. వేళ్లు కొవ్వొత్తుల్లా ఉన్నాయి.

"నొప్పుందా?" అన్నాడు డాక్టరు.

"ఏటీ నేదు."

డాక్టరు నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "ఇలాగే ఉంటే వేళ్లే కాదు, మనిషే దక్కడు."

గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ముంచుకుని కూర్చున్నవాడు, "మావా, నాకు గుండు గియ్యి. కొడుకుని కదా" అన్నాడు.

ఆ చలిలో బుద్ధున్నవాడెవడూ తల గొరగడు. నేను గొరిగాను. డాక్టరు తిట్టాడు, తిడుతూనే నీళ్లు కాచాడు. సబ్బు నురగ తల మీదే గడ్డకట్టింది. సగం అయ్యేసరికి వాడు బావురుమన్నాడు. ఆ ఏడుపుకి ఎదురు కొండ మంచు జారింది, రెండు దేశాల సైన్యాలూ నిలబడిపోయాయి. నేను మాత్రం రాయిలా నిలబడి రేజరు తుడుచుకున్నాను. చిటికెన వేలి కొన తప్ప వాడి చెయ్యి దక్కింది.

సెలవుకి వచ్చి విజయనగరం స్టేషన్లో దిగగానే మా ఆవిడ, "ఏటలాగున్నావు?" అంది. "బాగానే ఉన్నాను" అన్నాను. ఆ తర్వాత కొన్నేళ్లు పెళ్లికైనా చావుకైనా నా జవాబు అదే. ఇప్పుడు కోపమొస్తే కోపమనీ, దిగులొస్తే దిగులనీ ఆవిడకి చెబుతున్నాను. "సరే, వంకాయలు తరుగుతూ సెప్పు" అంటుంది. తరుగుతూ చెబుతాను. ఆ కోపమో దిగులో వచ్చి, కాసేపు కూర్చుని, పోతుంది.

ఇందులో నేను నిజంగా కల్పించింది ఒకటే. బావురుమన్నది వాడు కాదు, నేను. రేజరు చేతిలోంచి జారిపోయింది. సగం గుండుతో, తల మీంచి ఆవిరి లేస్తుండగా, వాడు నీళ్లలోంచి చెయ్యి తీసి నా వీపు నిమిరాడు.

"ఏడు మావా," అన్నాడు. "ఇప్పుడు నాకూ సలేస్తంది."