నవ్వొద్దని తీసిన ఫొటోలు

నాకు ఇరవై మూడేళ్లు ఉన్న ఆ రోజుల్లో, ఫొటో తీయడమంటే ఏమిటో తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరేనని గట్టిగా నమ్మేవాణ్ణి. ఒకరు ఫోన్లో నేను ఎవరి వీడియోలు చూసేవాణ్ణో ఆ తెల్లగడ్డం ఫొటోగ్రాఫరు. రెండోవాణ్ణి నేను. కోరుట్ల నుంచి సిరిసిల్ల వచ్చి మా బావ స్టూడియోలో చేరి ఏడాది కూడా కాలేదు. పొద్దంతా పాస్‌పోర్టు ఫొటోలు, ఆదివారాలు పుట్టినరోజులు. (కేకు కోస్తున్న పిల్లల మొహాల్లో గాంభీర్యం వెతికి బావ చేత చీవాట్లు తిన్నది అప్పుడే.) ఆ గడ్డమాయన చెప్పిన సూత్రం ఒక్కటే నా తలకెక్కింది: నవ్వే మొహంలో లోతుండదు.

అలాంటి రోజుల్లో, బడి నుంచి రిటైరైన డ్రాయింగు సారు ఒకాయన స్టూడియోకు వచ్చాడు. "మన ఊర్ల ఎన్ని తీర్ల మనుషులున్నరో మనకే ఎరుక లేదు. మగ్గాలోల్లున్నరు, బీడీలు చేసెటోల్లున్నరు, ఉర్దూ మాట్లాడెటోల్లు, ఒడిశా నుంచి అచ్చినోల్లు, చర్చికి పొయ్యెటోల్లు, అందరున్నరు. ఇరవై నలుగురి ఫొటోలు పెద్దగ తీసి పార్కు గోడకు కడుదాం. నడుసుకుంట పొయ్యెటోల్లు సూడాలె" అన్నాడు. బావ నా వైపు చూశాడు. నేను అప్పటికే కెమెరా మెడలో వేసుకున్నాను.

పదిహేను రోజులు తిరిగి తీశాను. అందరినీ తెల్లగోడ ముందు నిలబెట్టి, నేరుగా కెమెరాలోకి చూడమని, పెదవులు బిగించమని చెప్పాను. బీడీలు చుట్టే ఒక ముసలమ్మ (వాడకట్టంతా ఆమెను బీడీలవ్వ అనేది) రెండుసార్లు నవ్వింది, రెండుసార్లూ ఆపించాను. "నవ్వద్దా? మరి ఏం జెయ్యాలె కొడుకా?" అంటే, "ఏదన్న బాధ యాది చేసుకో అవ్వా" అన్నాను. మరమగ్గాల మీద పనిచేసే ఒడిశన్నకు అదీ అవసరం పడలేదు. పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చాడేమో, చూపు దానంతటదే కుదిరింది. అన్నీ నలుపు తెలుపుల్లో, మనిషెత్తు ఫ్లెక్సీల మీద అచ్చు వేయించాను. పేరూ పనీ మాత్రం అడుగున చీమల్లాంటి అక్షరాల్లో పెట్టించాను, పెద్ద అక్షరాలు మొహాన్ని మింగేస్తాయని.

సాయంత్రం గోడకు కట్టేశాం. "వీళ్లంతా మనవాళ్లే" అని పైన కట్టాల్సిన పెద్ద బ్యానరు మాత్రం అచ్చు కాలేదు, మరునాడు వస్తుందన్నారు. ఆ గోడ పోలీసు ఠాణాకు వెళ్లే దారిలో ఉందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

పొద్దున్నే నా పనితనం మీద జనం మాటలు విందామని పార్కు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. పక్కన ఒకాయన టీ ఊదుకుంటూ అన్నాడు: "ఇరవై నలుగురట. అందరు ఒక్కపారే దొరికిన్రా?" రెండో ఆయన తల ఊపాడు. "గా ముసలామె గట్లాంటి మనిషి అనుకోలే. కాని కండ్లు సూడు మల్ల." నేను గ్లాసు దించి గోడ వైపు తిరిగి చూశాను.

అంతలో ఒడిశన్న వెతుక్కుంటూ వచ్చాడు. "తమ్మీ, మా ఇంటాయన రూము ఖాళీ చెయ్యమంటుండు. పోలీసోల్లు నా ఫొటో పెట్టిన్రట. నేనేం చేసిన?" ఆ మాట అతను కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. వచ్చే వారం భార్యనూ పాపనూ మొదటిసారి ఊరి నుంచి తెచ్చుకుంటున్నాడు. గదికి తనే సున్నం వేసుకున్నాడు. నా కళారాధన ఒక మనిషి సామాను రోడ్డు మీదికి తెస్తుందని అప్పుడు అర్థమైంది.

ఇద్దరం కలిసి ఆ ఇంటాయన దగ్గరికి వెళ్లాం. నాలుగు మగ్గాల ఆసామి, నెమ్మదస్తుడు. "ఏం చెయ్యకుంటే ఫొటో ఎందుకు పెట్టిన్రు?" అన్నాడు. "మంచోడని పెట్టినం కాకా." "మంచోడైతే నవ్వుతడు గద." "ఒక్కసారి అచ్చి సూడు కాకా" అని బతిమాలి పార్కుకు తీసుకొచ్చాను.

అక్కడ బీడీలవ్వ తన ఫొటో ముందు నిలబడి ఉంది. తల్లిని పోలీసులు పట్టుకుపోయారని ఎవరో ఫోన్ చేస్తే కొడిమ్యాల నుంచి మొదటి బస్సుకు దిగిన ఆమె కూతురు పక్కనే కళ్లు తుడుచుకుంటోంది. నేను వెనక్కి తిరిగేలోపే అవ్వ చూసింది. "ఇటు రా కొడుకా. గిది నేనేనా?" "నువ్వేనవ్వా." "నేను గిట్ల సూస్తనా?" "నేనే గట్ల సూడుమన్న." అవ్వ ఫొటోకు ఇంకా దగ్గరికి జరిగింది. "మా ముసలోడు సచ్చిననాడు గూడ నా మొఖం గిట్ల లేకుండె" అని, ఫొటోలో మాదిరే కనుబొమ్మలు ముడిచి, బోసినోరు బిగించి కూతురి వైపు తిరిగింది. కూతురు ఏడుస్తూ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. ఒడిశన్న నవ్వాడు, అవ్వ నవ్వింది. నా వేలు దానంతటదే మెడలోని కెమెరాను నొక్కుతూ పోయింది.

ఇంటాయన ఆశ్చర్యంగా ఒడిశన్నను చూశాడు. "నాలుగేండ్ల సంది మా ఇంట్లున్నవు, నువ్వు నవ్వంగ నేను సూడనే లే." "డ్యూటీకి పొయ్యేటప్పుడే గద కాకా నువ్వు నన్ను సూసేది. అప్పుడు ఎవలు నవ్వుతరు?" ఇంటాయన గది మాట మళ్లీ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి బ్యానరు వచ్చింది. సారు నా కెమెరాలో కొత్త ఫొటోలు చూసి, వాటినీ చిన్నగా అచ్చు వేయించి పాతవాటి కింద అంటించమన్నాడు. మిగతావాళ్లు కూడా వచ్చి తమ కోపం మొహాల కింద నిలబడి నవ్వుతూ దిగారు. మూడోరోజు ఇంటాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు. "నాది పెట్టరా? నేను గూడ ఈ ఊరోన్నే గద." ఇరవై ఐదో ఫొటో అలా చేరింది. వారం తర్వాత ఒడిశన్న పాపను భుజం మీద ఎక్కించుకుని వచ్చి గోడంతా చూపించాడు. ఆ పాప ఏడ్చింది ఒక్క నాన్న పెద్ద ఫొటో ముందే.

ఇప్పుడు జగిత్యాలలో నాకు సొంత స్టూడియో ఉంది. మొన్న అటక సర్దుతుంటే మా పాపకు ఒక నలుపు తెలుపు ఫొటో దొరికింది. అప్పట్లో వెలుతురు సరిచూసుకోవడానికి నన్ను నేనే తీసుకున్నది. "గీయన ఎవలు బాపూ, గంత కోపంగున్నడు?" అని అడిగింది. "నాకు ఎరుకైనోడే బిడ్డా" అన్నాను. పాప వెళ్లిపోయాక ఆ పిల్లవాణ్ణి చాలాసేపు చూశాను. పాపం, ఆ పెదవులు బిగించడానికి ఎంత కష్టపడ్డాడో.