ఆయన తోలితేనే గేరు పడేది కాదు

మా కొత్త పికప్ బండికి ఒక రోగం ఉండేది. అది మావారు తోలితేనే వచ్చేది. ఇంకెవరు కూర్చున్నా కిక్కురుమనకుండా పడే రెండో గేరు, ఆయన వేస్తే మాత్రం కరకరమని అరిచి ససేమిరా అని మొండికేసేది.

బండి కొన్నది మామిడికాయల కోసం. పెనుగొలను దగ్గర మాకు తోట ఉంది. ఇన్నేళ్ళూ కోతల సమయంలో కిరాయి బండ్ల కోసం వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి, అవి వచ్చేలోగా కాయ చెట్ల కిందే ఎండలో వాడిపోతుంటే చూసి చూసి విసిగిపోయాం. చివరికి తిరువూరులో మా ఇంటి ముందు తెల్లటి బండి వచ్చి నిలబడింది. పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టాం. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు మావారు తియ్యనివ్వలేదు. ఎండకి ఒళ్ళంతా అతుక్కుపోయినా సరే, కవరు ఉండాల్సిందే.

ఆయన తోలడం ఎలాంటిదో కొంచెం చెప్పాలి. మీసాలు సరిగా రాకముందే ట్రాక్టరు ఎక్కిన మనిషి, ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. చుట్టుపక్కల ఎవరి ట్రక్కు బురదలో దిగబడినా, ఇరుకు సందులోంచి వెనక్కి తియ్యాల్సి వచ్చినా, ఆయనకే కబురొచ్చేది. అన్నం ముందు కూర్చున్నా సరే, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవారు. నేను ఎన్ని దెప్పినా ఆ పిలుపులంటే ఆయనకి లోలోపల ఎంత గర్వమో నాకు తెలుసు.

మొదటిసారి గేరు అరిచింది ఎ.కొండూరులో. స్పీడు బ్రేకరు దాటి రెండో గేరు వెయ్యబోతే లోపల ఎవరో పళ్ళు నూరినట్టు చప్పుడైంది. కొత్త బండి కదా, బిగుతుగా ఉంటుందన్నారు. రెండు మూడు వారాలు గడిచినా ఆ బిగుతు వదల్లేదు. ఒక్కోరోజు అసలు రాదు. ఒక్కోరోజు ఊరు దాటగానే మొదలవుతుంది.

ఎరువుల కొట్టు నడిపే మా మరిదికి చెబితే, తాళాలిమ్మని బూట్లతోనే ఎక్కి కూర్చున్నాడు. లక్ష్మీదేవి లాంటి బండి అని మావారు మొహం చిట్లించారు. ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, నవ్వుతూ దిగాడు.

"ఏం లేదన్నయ్యా దీంట్లో. ఆడలేక మద్దెల ఓడంటే ఎట్టా?"

అప్పటికి మావారు కూడా నవ్వారు.

నవ్వు పోయింది విజయవాడ సర్వీసు సెంటర్లో. అక్కడి మెకానిక్ బండిని రోడ్డు మీదికి తీసుకెళ్ళి తిప్పి తెచ్చాడు. గేరు చక్కగా పడింది. తర్వాత మావారిని తోలమని తను పక్కన కూర్చుని, ఆవరణలోనే తిప్పించాడు. చదునైన సిమెంటు నేల. అప్పుడూ చక్కగానే పడింది. రోగిని వైద్యుడి దగ్గరకి తీసుకెళ్తే నొప్పి మాయమైనట్టు, మాకే సిగ్గేసింది.

"బండిలో ఏం లేదు సార్," అన్నాడు మెకానిక్, చాలా మర్యాదగానే. "క్లచ్ పూర్తిగా దిగకపోతేనే అట్టా అరుస్తుంది. మీ ఎడమ కాలు కిందదాకా తొక్కట్లేదేమో, ఒకసారి చూసుకోండి."

మావారి మొహం వాడిపోవడం నేను చూశాను. తిరుగు దారిలో మైలవరం దాటాం. ఆ తర్వాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నారు.

"నాన్నకీ ఎడమ కాలే గదా మొదట."

మా మావగారికి ఇంచుమించు ఈ వయసులోనే ఎడమ కాలు పట్టు తప్పింది. ముందు ట్రాక్టరు ఎక్కేటప్పుడు తడబడ్డారు. తర్వాత కర్ర వచ్చింది. ఆ తర్వాత మంచం. నరాల జబ్బు అన్నారు. ఎన్ని ఆసుపత్రులు తిప్పినా ఆ కాలు మళ్ళీ ఆయన మాట వినలేదు. ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టింది మావారే, స్నానం చేయించింది మావారే. అందుకే ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళ ముందు ఏం కదిలిందో నాకు చెప్పక్కర్లేదు.

డాక్టరుకి చూపించుకుందామంటే, కోతలయ్యాక చూద్దాంలే అన్నారు. మా మరిది ఒక డ్రైవర్ని మాట్లాడి, సోమవారం నుంచి వస్తాడన్నాడు. మావారు ఎదురు చెబుతారనుకున్నాను. "సరే" అన్నారు, అంతే. ఆ ఒక్క మాటకి నాకు వచ్చినంత దుఃఖం, అరిచి గోల చేసినా వచ్చేది కాదు.

నాకొక జబ్బుంది. ఏదైనా ఎందుకు పనిచెయ్యట్లేదో తెలిసేదాకా నాకు అన్నం సహించదు. మిక్సీ ఆగిపోతే ముందు విప్పేది నేనే. ఒకసారి విప్పిన ఇస్త్రీ పెట్టె మళ్ళీ బిగించడం రాక గిన్నెలో వేసి రిపేరు కొట్టుకి పట్టుకెళ్ళాను కూడా. ఈసారి మాత్రం ఇది సరదా వ్యవహారం కాదు. తప్పు బండిదా, కాలిదా? బండిదే అయితే ఎంత ఖర్చయినా బాగు చేయిస్తాం. కాలిదైతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. దేవుడా, బండిదే అవ్వాలి అని మొక్కుకుని, ఆయన ఎక్కడికెళ్తే అక్కడికి నేనూ బండెక్కాను.

"తోటకి నువ్వెందుకే ఈ ఎండలో?" అనేవారు.

"గాలికి," అనేదాన్ని. ఆ రోజుల్లో గాలి ఎక్కడుంది గనక!

మొదట వేడి మీద అనుమానం వచ్చింది. ఎందుకంటే దారిలో టీకి ఆగి మళ్ళీ ఎక్కితే గేరు బుద్ధిగా పడేది. గేరుబాక్సు వేడెక్కి మొరాయిస్తుంది, చల్లారితే దారికొస్తుంది అనుకున్నాను. అది తేల్చుకోవడానికి ఒకరోజు, గేరు అరవగానే పక్కన ఒక నీడలో ఆపించి, దిగకుండా అరగంట కూర్చోబెట్టాను. ఇంట్లోంచి తెచ్చిన మజ్జిగ తాగుతూ అక్కడే కూర్చున్నాం. ఇంజను బాగా చల్లారింది. స్టార్ట్ చేసి గేరు వేస్తే, మళ్ళీ అదే కరకర. ఇంకోరోజు దారికి అడ్డంగా పడుకున్న గేదెను అదిలించడానికి ఒక్క నిమిషం దిగారు. ఎక్కగానే గేరు మెత్తగా పడింది.

అంటే వేడి కాదు. ఆయన దిగితే రోగం పోతోంది, దిగకపోతే పోవట్లేదు. కాలికి విశ్రాంతి దొరికినందుకా అంటే, అరగంట కూర్చున్నప్పుడు దొరికిందీ విశ్రాంతే గదా! పైగా రోగం ఎప్పుడు చూసినా పల్లంలోకి దిగాకో, గట్టిగా బ్రేకు పడ్డాకో వస్తోంది. కాలి జబ్బుకి పల్లమూ మెరకా ఏం తెలుస్తుంది? ఈ ముక్క తోచిన రోజు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మా మరిదికి ఫోన్ చేసి చెప్పాను.

"వదినా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? సోమవారం డ్రైవరొస్తాడు, అన్నయ్య హాయిగా పక్కన కూర్చుంటాడు," అన్నాడు.

ఆ హాయి ఏంటో వాడికేం తెలుసు. ఫోన్ పెట్టేశాను.

ఆదివారం పొద్దున్నే ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు వేసుకుని బయల్దేరాం. వినగడప దగ్గర రోడ్డు వాగులోకి దిగుతుంది. బ్రేకు తొక్కుతూ జాగ్రత్తగా దించారు. అవతలి గట్టు ఎక్కుతూ రెండో గేరుకి మార్చబోతే పెద్దగా అరిచింది. బండి ఊపు తగ్గి సగం ఎత్తులో ఆగిపోయింది. ఆయన చేతి బ్రేకు లాగారు. మొదటి గేరు వెయ్యబోతే అదీ పడలేదు. అంతలో మా వెనకాలే బస్సు వచ్చి హారన్ మొదలుపెట్టింది.

"ఇక నావల్ల కాదే," అని తలుపు తీశారు.

"దిగకండి!" అని అరిచాను. నా గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను. "మీరు దిగితే అది పారిపోద్ది. కదలకుండా క్లచ్ అట్టాగే తొక్కి పట్టండి."

ఫోన్ లైటు వేసుకుని, గేరు రాడ్డు మీదుగా ఒరిగి, ఆయన మోకాలి పక్కనుంచి తల కిందికి పెట్టాను.

"ఏం పనే ఇది? బస్సులో జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి."

లైటు వెలుగులో ఆయన ఎడమ పాదం కనబడింది. ఉత్త పాదం. వేళ్ళు తెల్లబడేలా పెడల్ని తొక్కి పట్టి ఉంది. పెడలు కింద, నేలకీ దానికీ మధ్యన, ఆయన ఎడమ కాలి చెప్పు ఇరుక్కుని ఉంది. తోటలో ముళ్ళకి ఆగాలని మందపాటి అట్టతో కుట్టించుకున్న చెప్పు.

ట్రాక్టరు తోలినన్నాళ్ళూ ఆయన చెప్పులు విప్పి ఎడమ పక్కన రేకు మీద పెట్టుకునేవారు. కొత్త బండి లక్ష్మి కాబట్టి దీంట్లోకి చెప్పుకాలితో అసలే ఎక్కరు. విప్పి, అలవాటుగా ఎడమ పక్కనే పెడతారు. బండి పల్లంలోకి దిగినా, బ్రేకు పడినా అవి ముందుకి జారి క్లచ్ కింద చేరతాయి. చెప్పు తగిలి ఆగిన చోటే పెడలు అడుగు అనుకునేవారు ఆయన. కొత్త బండి, దాని పెడలు లోతు కాలికింకా అలవాటు పడలేదు. దిగేటప్పుడు కాలితో వెతుక్కుని తొడుక్కుంటారు కాబట్టి, రోగం కూడా ఆయనతోపాటే దిగిపోతుంది. మరిది బూట్లకీ, మెకానిక్ చేతికీ అందుకే దొరకలేదు.

చెప్పు లాగేసి, "ఇప్పుడు తొక్కండి," అన్నాను. పెడలు నేలదాకా దిగింది. మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటిది. చప్పుడే లేదు.

నాకు నవ్వాగలేదు. "పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాం గదండీ!" అంటూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాను. ఆయన నవ్వలేదు. ఇంజను ఆపేసి, తలుపు తీసుకుని, ఉత్త కాళ్ళతో రోడ్డు మీదికి దిగారు. కోపమొచ్చిందేమోనని నా నవ్వు సగంలో ఆగిపోయింది.

బండి ముందుకి నడిచి, బానెట్ మీద చెయ్యి ఆనించి, కుడి కాలు పైకెత్తారు. కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత ఆ చెయ్యి కూడా తీసేశారు. అరవయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషి, పట్టపగలు, నడిరోడ్డు మీద, ఎడమ కాలి ఒక్కదాని మీదే నిలబడ్డారు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యట్లేదు.

నేను దిగి పక్కకి వెళ్ళాను. పట్టుకోబోతే వద్దని తల ఊపారు.

"ఇన్నాళ్ళూ ఇట్టా నుంచుని చూసుకుందామనుకుంటూనే ఉన్నానే," అన్నారు. "భయమేసింది. పడిపోతే ఇంక నిజమే అయిపోద్దని."

ఇంట్లో నా పక్కనే తిరుగుతూ, నా పక్కనే పడుకుంటూ, ఈ మాటని ఆయన అంతకాలం ఒక్కరే మోశారు.

"నిలబడిందా?" అని అడిగారు, చిన్నపిల్లాడిలా.

"నిలబడిందండీ."

అయినా ఆయన కాలు దించలేదు. వెనక బస్సు మోగుతూనే ఉంది. ఇంకాసేపు మోగనీ అనుకున్నాను.