పదేళ్ళుగా రేవులో ఉన్న ఓడ

మే నెలలో విశాఖపట్నంలో స్వెట్టరు వేసుకుని తిరిగే మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఆవిడ పేరు కనకరత్నం. ఓడల్లోంచి సరుకు దింపే మా కంపెనీలో కంప్యూటరు గది ఆవిడది. మిషనుకి వేడి పడదని ఆ గదికి ఏసీ పెట్టారు. మనుషులకి వేడి పడుతుందనుకున్నారేమో, మా అందరికీ ఫ్యాన్లే. ఏదో కాగితం కోసం చెమటలు కక్కుకుంటూ లోపలికి వెళ్తే, ఆవిడ స్వెట్టరు బొత్తాలు పెట్టుకుంటూ "తలుపు వేసి మాట్లాడండి, చల్లదనం పోతుంది" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నా పేరు అర్జునరావు. గేరు షెడ్డు నా చేతి కింద ఉంటుంది. గేరు అంటే సరుకు ఎత్తడానికి వాడే సామాను: వైరు స్లింగులు, షాకిల్స్, చైన్ పుల్లీలు. పద్మనాభం నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చి ఇనుము మధ్య కూర్చోవడం నా ఉద్యోగం. ఆ ఇనుములో ఒక్క ముక్క గేటు దాటాలన్నా కనకరత్నం గారి మిషను ఒప్పుకోవాలి.

ఆవిడ నాన్నగారు రాజోలు నుంచి, సరుకు ఎత్తే వించి యంత్రం నడపడానికి పోర్టుకి వచ్చినవారు. ఆవిడ బీకాం చదివి తొంభైలో మా దగ్గర టైపిస్టుగా చేరారు. తొంభై ఏడులో ఆ మిషను వచ్చింది. ఏఎస్ ఫోర్ హండ్రెడ్ అంటారు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, మౌసు లేదు, బొమ్మ లేదు. నలుగురిని మద్రాసు పంపి వారం రోజులు నేర్పించారు. ముగ్గురు ఆ చదువు చూపించి మంచి ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. ప్రోగ్రాము రాసిన ఆయన ఇచ్చిన పుస్తకాన్ని ఒక వర్షాకాలం చెదలు తినేశాయి. అప్పటి నుంచీ ఆ పుస్తకం కూడా కనకరత్నం గారే.

ఆ మిషనుకి ఒక మొండి పట్టుదల ఉంది. సామాను ఏ ఓడకో చెప్పాలి, ఆ ఓడ రేవులో ఉండాలి. లేకపోతే ఒక్క షాకిల్‌కి కూడా స్లిప్పు ఇవ్వదు. స్లిప్పు లేకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ వదలడు. ఇది గుర్తు పెట్టుకోండి, కథంతా దీని మీదే ఉంది.

రెండు వేల పద్నాలుగు, అక్టోబరు పదకొండు, శనివారం. మర్నాడు హుద్‌హుద్ తుపాను వస్తుందని ఆఫీసర్లందరూ పొద్దున్నే ఇళ్ళకి జారుకున్నారు. మా గేటు దగ్గర చేపలమ్మే పోతమ్మ బుట్ట లేకుండా పరిగెత్తుకొచ్చింది. జాలారిపేటలో పడవలు ఒడ్డునే ఉన్నాయి, రోడ్డు దాకా లాగాలి, మగాళ్ళ బలం సరిపోవడం లేదు, చైన్ పుల్లీలు రెండు కావాలంది. కొడుకు నూకాలు ఆటోతో బయట నిలబడ్డాడట.

నేను కుదరదన్నాను. దాచడమెందుకు, భయపడ్డాను. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు నాకు. పోతమ్మ నన్ను వదిలేసి సరాసరి ఏసీ గదిలోకి వెళ్ళింది. పది నిమిషాల్లో స్లిప్పు తెచ్చి నా చేతిలో పెట్టింది. చదివితే నా కళ్ళు తిరిగాయి. ఓడ పేరు: ఎం.వి. పోతమ్మ. ఏజెంటు: నూకాలు. సరుకు: చేపలు. పొడవు: ముప్పై అడుగులు. ఏజెంటు ఫోను నంబరు దగ్గర పోతమ్మ బటన్ల ఫోను నంబరే ఉంది.

మిషను ఏమీ అనలేదు, స్లిప్పు ఇచ్చింది. మిషనే ఒప్పుకున్నాక నేనెవరిని కాదనడానికి? పుల్లీలు ఇచ్చాను. తొమ్మిది పడవలు రోడ్డెక్కాయి. తుపాను వెళ్ళాక, ఊళ్ళో ఇంకా కరెంటు రాకముందే, నూకాలు పుల్లీలని మంచినీళ్ళతో కడిగి, గొలుసుకి నూనె రాసి మరీ తెచ్చి ఇచ్చాడు. నా షెడ్డు చరిత్రలో నూనె రాసి తిరిగొచ్చిన పుల్లీ అదే మొదటిది.

తర్వాత ప్రతి తుపానుకీ ఇదే వరస. ఓడ వచ్చినట్టు ఒకసారి రాసేశారు, వెళ్ళినట్టు ఎప్పుడూ రాయలేదు. రాస్తే మళ్ళీ కొత్త ఓడని పుట్టించాలి కదా అనేవారు ఆవిడ. ఆకుపచ్చ తెర మీద, వచ్చినవీ వెళ్ళినవీ కలిపి, ఒక పేజీకి పన్నెండు ఓడలే కనపడతాయి. ఎం.వి. పోతమ్మ తొమ్మిదో పేజీలో ఉండేది. తొమ్మిదో పేజీ దాకా వెళ్ళే ఓపిక మా కంపెనీలో కనకరత్నం గారికి తప్ప ఎవరికీ లేదు. పోతమ్మ ఇవ్వబోయిన చేప ముక్క కూడా ఆవిడ ఏనాడూ తీసుకోలేదు. నేను తీసుకున్నాను. వంజరం ఊరికే వస్తుంటే కాదనేంత నిగ్రహం నాకు లేదు.

రెండు వేల ఇరవై నాలుగు జూన్‌లో శ్రీరామ్మూర్తి గారు జనరల్ మేనేజరుగా వచ్చారు. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండే మనిషి. ఓడల వివరాలన్నీ తన ఫోన్లో కనపడాలన్నారు. పాత మిషను తీసేస్తే ఇరవై ఏడేళ్ళ వ్యాపారం దాంతో పాటే పోతుందని తెలిసి, సబ్బవరం నుంచి నాగవంశీ అనే ప్రోగ్రామరుని పెట్టారు. అతని పద్ధతి నాకు కూడా అర్థమయ్యేలా చెప్పాడు. పాత మిషను జోలికి వెళ్ళడు. ముందు ఒక వెబ్ పేజీ, వెనక ఆ మిషను, మధ్యలో ఒక దుబాసీ ప్రోగ్రాము. పేజీలో నువ్వు నొక్కింది దుబాసీ పాత భాషలో మిషనుకి చెప్తుంది, మిషను చెప్పింది కొత్త భాషలో నీకు చెప్తుంది.

చెప్పడం తేలికే. ఆ దుబాసీకి పాత భాష నేర్పాలంటే ముందు నాగవంశీకి రావాలి. అతనికి నేర్పాల్సింది కనకరత్నం గారు. ఆవిడ ఎంత సరదా తీర్చుకున్నారో నేను కళ్ళారా చూశాను. ఒకరోజు "ఎఫ్ పదిహేడు నొక్కండి బాబూ" అని చెప్పి టీ తాగుతూ కూర్చున్నారు. కీబోర్డు మీద ఎఫ్ పన్నెండు దాకానే ఉంటుంది. పాపం ఆ అబ్బాయి కీబోర్డు తిరగేసి కూడా చూశాడు. టీ అయ్యాక, షిఫ్టు పట్టుకుని ఎఫ్ ఐదు నొక్కితే అదే పదిహేడని చెప్పారు. ఇంకోరోజు "ఈ ఏడు అంకెకి అర్థం ఏంటండీ" అని అడిగితే, వాన వల్ల పని ఆగిందని అర్థమనీ, ఎనిమిది అంటే వాన లేకపోయినా ఆగిందనీ చెప్పారు. అతను అది కూడా బుద్ధిగా రాసుకున్నాడు. అది నిజమే కూడా.

కానీ సెప్టెంబరు వచ్చేసరికి ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్ళు. అతనూ ఒక స్వెట్టరు కొనుక్కున్నాడు.

ఇంతలో అక్టోబరు ఇరవై ఐదు శుక్రవారం కొత్త పేజీ ప్రారంభమన్నారు. ముందురోజు కనకరత్నం గారు షెడ్డుకి వచ్చారు. ఆవిడ షెడ్డుకి రావడం అదే మొదటిసారి. ఎండలో స్వెట్టరు తీసి చేతి మీద వేసుకున్నారు. కొత్త పేజీలో ఎక్కువ రోజులు ఉన్న ఓడ అన్నిటికంటే పైన కనపడుతుందట. తొమ్మిదో పేజీ అన్నదే లేదట.

"డిసెంబరులో రిటైరవుతున్నానండి. ముప్పై నాలుగేళ్ళు చేసి దొంగ అనిపించుకుని ఇంటికి వెళ్ళాలేమో" అన్నారు. నాకు భయం వేసింది. అది నా గురించి కూడా అని ఒప్పుకుంటాను.

ఓడని పంపించేద్దామని ఆవిడ పొద్దున్నే ప్రయత్నించారట. మిషను ఒప్పుకోలేదు. సామాను తిరిగొచ్చిందనో పోయిందనో రాసేదాకా ఓడ కదలడానికి వీల్లేదంది. ఆ వారమే బంగాళాఖాతంలో తుపాను లేచింది, రెండు పుల్లీలు జాలారిపేటలో ఉన్నాయి. ఇంకా పదిహేను పడవలు కింద ఒడ్డునే ఉన్నాయి.

"పుల్లీలు తిరిగొచ్చేశాయని రాసేద్దురూ, నాను సంతకం ఎట్టేత్తాను. ఎవులు సూత్తారు?" అన్నాను.

ఆవిడ నా వంక అదోలా చూశారు. "ఓడ పేరు అబద్ధం రాశాను, నిజమే. సామాను మాత్రం ఎప్పుడూ అబద్ధం రాయలేదండి. ఇప్పుడు రాయను."

లేని ఓడని పుట్టించిన మనిషికి ఇంత పట్టింపా అని మండింది నాకు. పోనీ పుల్లీలు వెనక్కి తెప్పిద్దామా అంటే, పడవలు కింద ఉండగా అడగడానికి నోరు రాదన్నారు. నాగవంశీకి చెప్దామంటే, ఆ అబ్బాయిని ఈ గొడవలోకి లాగొద్దన్నారు. ఇంక చేసేదేం లేదు.

శుక్రవారం పదకొండింటికి ఏసీ గదిలో అందరం నిలబడ్డాం. శ్రీరామ్మూర్తి గారు మౌసు నొక్కారు. గోడ మీద పెద్ద తెర వెలిగింది. అన్నిటికంటే పైన ఎర్రగా: ఎం.వి. పోతమ్మ, మూడు వేల ఆరు వందల అరవై ఏడు రోజులు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. దుబాసీ తప్పు చెప్తోందేమో అన్నారు. నాగవంశీ తెర దగ్గరికి వెళ్ళి చూశాడు. దుబాసీ తప్పు చెప్పదని అంటూనే, పది రోజులు దాటిన ఓడల ఏజెంట్లందరికీ ఇప్పుడే మెసేజి కూడా వెళ్ళిందని చెప్పాడు. ఆ ఏర్పాటు ముందురోజే చేశాడట, మాకు చూపించి మెచ్చుకోలు కొట్టేద్దామని.

కనకరత్నం గారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

ఐదు నిమిషాల్లో తలుపు తోసుకుని పోతమ్మ వచ్చింది. బుట్ట నెత్తి మీదే ఉంది. మెసేజి గేటు దగ్గర సెక్యూరిటీ చదివి పెట్టాడట. ఎవరు పెద్దాయనో చూడగానే కనిపెట్టి, బుట్ట దించి, ఫోను శ్రీరామ్మూర్తి గారి ముందుకి చాపింది.

"నా ఓడ ఈ రేవులో మూడేలారొందల రోజులై ఉందట, ఎందుకున్నాదో సెప్పాలట. ఏటి బాబూ ఇది? నాకు ఓడుంటే నాను సేపలెందుకు అమ్ముకుంతాను?"

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కనకరత్నం గారు స్వెట్టరు సర్దుకుని లేచి నిలబడ్డారు.

"ఓడ లేదండి. నేనే పుట్టించాను. తుపానుకి పడవలు లాగడానికి పుల్లీలు ఇప్పించాను. అర్జునరావు గారు స్లిప్పు చూసి ఇచ్చారు, ఆయన తప్పేం లేదు."

నాకు సిగ్గేసింది. నా తప్పు కూడా ఉందని అనాలనుకున్నాను, నాలుక కదలలేదు. శ్రీరామ్మూర్తి గారు ఎన్నిసార్లు ఇచ్చారని అడిగారు. ఇరవై మూడు సార్లు, ఇప్పుడు బయట ఉన్నవి కాక, అన్నారావిడ. ఎంత సామాను తిరిగి రాలేదని అడిగారు. ఆవిడ జవాబు చెప్పేలోపు నాగవంశీ మౌసు లాక్కుని ఏదో నొక్కాడు. ఓడలన్నీ వరస మారాయి. పోయిందని రాసిన సామాను ఎక్కువున్నవి పైన, తక్కువున్నవి కింద. పైన పెద్ద పెద్ద విదేశీ పేర్లు: ఒకదానికి పదకొండు షాకిల్స్, ఒకదానికి నాలుగు స్లింగులు. అతను కిందికి జరుపుతూ వెళ్ళాడు. ప్రతి ఓడకీ ఏదో ఒకటి పోయింది. అట్టడుగున ఒక్క పేరు పక్కనే సున్నా ఉంది. ఎం.వి. పోతమ్మ.

అప్పుడు నా నాలుక కదిలింది. ఒకసారి ఆరు షాకిల్స్ ఇస్తే ఏడు తెచ్చారనీ, ఏడోది కూడా మన ముద్ర ఉన్నదేననీ, ఎక్కడో ఇసకలో దొరికిందట అనీ, ఏడు తీసుకోవడానికి మిషను ఒప్పుకోక నా సొరుగులోనే ఉందనీ గబగబా చెప్పేశాను.

శ్రీరామ్మూర్తి గారు తెర మీద ఆ ఓడ గడులన్నీ చదివారు. తర్వాత పోతమ్మ ఫోను పోతమ్మకి ఇచ్చేసి, "ఇన్ని రోజులు ఓడ నిలబడితే కారణం రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంది" అని వెళ్ళిపోయారు. పోతమ్మ, ఎవరో ఒకరు చేపలు కొనకపోతారా అని, ఇంకాసేపు నిలబడి చూసి, బుట్ట ఎత్తుకుంది.

మెమో ఈ రోజు వస్తుంది, రేపు వస్తుంది అని రెండు నెలలు ఎదురుచూశాం. రాలేదు. డిసెంబరు ముప్పై ఒకటిన కనకరత్నం గారికి శాలువా కప్పారు. శ్రీరామ్మూర్తి గారు రెండు ముక్కలు మాట్లాడి కూర్చున్నారు, ఓడ మాట ఎత్తలేదు. ఆవిడ గోపాలపట్నంలో ఇంటికి వెళ్ళిపోయారు. స్వెట్టరు కుర్చీకే వదిలేశారు, అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆవిడ మంచి పేరుతోనే వెళ్ళారో, లేక ఆయన కడుపులో ఏదైనా పెట్టుకున్నారో మాకు తెలియలేదు. ఆవిడకి కూడా తెలియలేదని ఆవిడ ముఖమే చెప్పింది.

నిరుడు అక్టోబరులో మళ్ళీ తుపాను హెచ్చరిక వచ్చింది. నూకాలు ఆటోతో గేటు దగ్గర నిలబడ్డాడు. కనకరత్నం గారు లేరు, తెర మీద ఆ ఓడ ఉంచారో తీసేశారో తెలీదు. నేనే కొత్త పేజీ తెరిచాను, పేరు కొట్టాను. ఉంది. ఎరుపు రంగు పోయింది. కారణం గడిలో "తుపాను ఆశ్రయం" అని ఉంది. రాసినవారు: శ్రీరామ్మూర్తి. తేదీ చూస్తే, పోతమ్మ వచ్చిన ఆ శుక్రవారం సాయంత్రమే రాసేశారు. రెండు నెలలు మమ్మల్ని ఊరికే వణికించాడు మహానుభావుడు.

రెండు పుల్లీలకి స్లిప్పు నొక్కాను. నిమిషం కాలేదు, నా ఫోను మోగింది. గోపాలపట్నం నుంచి కనకరత్నం గారు.

"నాకేదో మెసేజి వచ్చిందండీ అర్జునరావు గారూ. నా ఓడకి సామాను వెళ్తోందట. ఏజెంటు కనకరత్నం అని ఉంది. ఇది ఎవరు మార్చారండీ?"

పేజీలో కిందకి చూశాను. ఏజెంటు పేరు, ఫోను నంబరు మార్చింది కూడా శ్రీరామ్మూర్తి గారే, ఆవిడకి శాలువా కప్పిన రోజున. అదే చెప్పాను. ఆవిడ ముక్కు చీదుకోవడం వినపడింది.

తర్వాత ఆవిడ మామూలు గొంతుతో, రెండో పుల్లీ గొలుసుకి కొక్కెం వదులుగా ఉండేది, బిగించి ఇచ్చారా అని అడిగారు.