పేర్లు వద్దన్న మందిరం

మొన్న రాజమండ్రి నుంచి ఆహ్వానపత్రిక వచ్చింది. బాగుచేసిన సంగీత సభా మందిరాన్ని వచ్చే వారం తిరిగి తెరుస్తారట. రొయ్యల వ్యాపారంలో పైకొచ్చిన ఒక పెద్దమనిషి ఏసీ పెట్టించి, మెత్తటి కుర్చీలు వేయించి, మందిరానికి తన తండ్రి పేరు పెట్టించారు. వాన పడితే ఆ పాత రేకుల కింద గాయకుడి నోరు కదలడమే గాని పాట వినపడేది కాదు, బాగుచేయడం తప్పనను. ఆ పేరే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

మందిరం కట్టినప్పుడు నాకు పాతికేళ్లు. దానాల మీద పేర్లు రాయించుకోవడమంటే గిట్టేది కాదు. మా వైపు గుళ్లలో పంకా రెక్కల మీద కూడా దాత పేరుంటుంది. తిరిగితే పేరు కనబడదని పంకా వేయనివ్వని దాతను నేనెరుగుదును. భక్తులు చెమటలు కక్కుతూ ఆయన ఇంటిపేరు చదువుకునేవారు. ఇంటిపేరు తెలిస్తే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే ఎవరు ఏ వరసలో కూర్చోవాలో తెలుస్తుంది. అందుకే మందిరం కట్టించే కమిటీలో పోట్లాడి, గోడ మీద ఒక్క పేరూ ఉండకూడదని తీర్మానం చేయించాను.

ఒప్పుకోనిది మా మేనత్త ఒక్కతే. రేవు పక్క జాలరిపేట ఆడవాళ్లు పొద్దున్నే చేపలమ్ముకొచ్చి, మధ్యాహ్నాలు పడవల్లోంచి మందిరానికి ఇసుక తట్టలు కూలి లేకుండా మోసిపెట్టారు. వాళ్లను కూడగట్టింది అత్తే. పాత కేలండరు కాగితాల వెనక వాళ్ల పేర్లన్నీ రాసి తెచ్చింది.

"ఇవి చెక్కించరా."

"పేరు కోసం మోశారా అత్తా వాళ్లు?"

"పేరున్నవాడు వద్దంటే త్యాగం. లేనివాళ్లకి నువ్వు వద్దనడమేంట్రా?"

సభల్లో ఎందరి నోళ్లో మూయించినవాణ్ణి, ఆ మాటను నవ్వుతో కొట్టిపారేశాను. కాగితాలు తీసుకున్నాను గాని దాచలేదు. అత్త పోయి చాలా కాలమైంది.

పత్రిక అందిన రోజే రాజమండ్రిలో సభ కార్యదర్శి గారి దగ్గరకెళ్లి, అది ఒకరి మందిరం కాదని, ఇసుక మోసిన ఆడవాళ్లది కూడా అని గట్టిగా వాదించాను. ఆయన మర్యాదగా విన్నారు. "కొత్త ఫలకం పక్కనే వాళ్ల పేర్లూ వేద్దామండి. దాతగారు కాదనరు. పేర్లివ్వండి." గెలిచిన వాదం నన్నింతగా ఓడించడం అదే మొదలు.

జాలరిపేటలో అప్పటివాళ్లలో మిగిలింది ఒక్క ముసలావిడ. నా మాట విని గట్టిగా నవ్వింది. "గుర్తున్నప్పుడు అడిగారు కాదేంటండి? ఇప్పుడొచ్చి వల్లో నీళ్లు పట్టమంటారు!" కళ్లు మూసుకుని నాలుగు పేర్లు చెప్పింది. ఆ తర్వాతంతా ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి తల్లి. "మా తోడికోడలు నాకంటే ఎక్కువ మోసిందండి. అందరం వదినా అనేవాళ్లం. పేరేంటో..." అని ఆగిపోయింది. ఆమెకు గుర్తు రాలేదు.

కార్యదర్శి గారికి ఆ నాలుగు పేర్లే ఇచ్చాను. కాలం ముందు అందరూ సమానమని ఒకప్పుడు ఉపన్యాసాల్లో చెప్పేవాణ్ణి. ఆ కాలమే పేరు రాసి ఉన్నవాళ్లను పలకరించి, మిగిలినవాళ్లను తొక్కుకుంటూ పోతుందని ఇంత ఆలస్యంగా తెలిసింది.