గొంగడి చాటున వెండి బిళ్ళ

నా చిన్నప్పుడు నేనొక దొంగతనం చేశాను. ఈ మాట మా మనవడితో అంటే, వాడు ఫోన్ పక్కన పెట్టి మరీ నవ్వాడు. నవ్వితే నవ్వాడులే, నేను మాత్రం ఇప్పటికీ నవ్వలేను. మొన్న వాడు ఆ ఫోన్‌లోనే యూరప్ దేశాల బంగారు, వెండి నాణేలు చూపించాడు. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. పాటలు కట్టినవాళ్ళవి, చిత్రాలు గీసినవాళ్ళవి, వాళ్ళ పాతకాలపు చర్చిలవి. ఖర్చు పెట్టుకోవడానికి కాదట, గుర్తుగా దాచుకోవడానికట. అందులో ఫిడేలు పట్టుకున్న ఒకాయన కనబడగానే నా చెయ్యి దానంతటదే నడుం దగ్గరికి పోయింది. ఏందవ్వా అట్ల అయిపోయినావు అని వాడు అడిగాడు. అప్పుడు చెప్పక తప్పలేదు.

మాది మార్కాపురం పక్కన చిన్న పల్లె. తరతరాలుగా జీవాలు మేపుకుని బతికిన ఇల్లు. మా నాయన మాత్రం గొర్రెల వెంట తిరగడం తన వల్ల కాదని పలకల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. గనిలోంచి వచ్చిన రాతిని ఉలితో రేకులు రేకులుగా చీల్చడం ఆయన పని. ఆ రేకుల్ని ఆడవాళ్ళు నీళ్ళు పోసి నున్నగా అరగదీసేవాళ్ళు. ఆ నీళ్ళూ రాతిపొడీ కలిసి షెడ్డు నిండా మెత్తటి నల్ల బురద ఉండేది. కాలు పెడితే చాలు, పాదం అచ్చు పడేది.

మా తాతయ్య మిగిలిన ఇరవై గొర్రెలనీ ఫ్యాక్టరీ వెనక గుట్ట మీద మేపేవాడు. ఆయనకు పాటల పిచ్చి. తాతల నుంచి వచ్చినవి పాడడమే కాదు, సొంతంగా కట్టేవాడు కూడా. మా నాయనకది గిట్టేది కాదు. పాటలు కూడు పెడతాయా అని పదిమందిలో అనేసేవాడు. ఆ మాట వినపడినప్పుడల్లా తాతయ్య గొంగడి భుజాన వేసుకుని బయటికి పోయేవాడు. నాకు ఏడుపొచ్చేది. ఇంట్లో ఆయన పాట కూర్చుని వినేదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఎండాకాలం బడికి సెలవులిచ్చారు. రోజూ మధ్యాహ్నం నాయనకు ఫ్యాక్టరీలో ఒక క్యారియరు, తాతయ్యకు గుట్ట మీద ఒక క్యారియరు ఇచ్చి రావడం నా పని. అప్పుడే మా ఫ్యాక్టరీ షావుకారు దగ్గర రాయి కొనడానికి యూరప్ నుంచి ఒకాయన వచ్చి, పోతూ పోతూ ఒక పెట్టె బహుమతిగా ఇచ్చాడు. లోపల నీలం మఖమల్ గుడ్డలో రెండు బిళ్ళలు, ఒకటి బంగారం, ఒకటి వెండి. బంగారుదాని మీద రెండు గోపురాల చర్చి ఉంది. షావుకారు భార్య అది ఏ దేవుడి గుడో అని లక్ష్మీదేవి పటం పక్కన పెట్టి బొట్టు పెట్టేసింది. ఫిడేలు పట్టుకున్న ఒకాయన బొమ్మ ఉన్న వెండిది మాత్రం షావుకారు ఆఫీసు బల్ల మీదే పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. అది ఎప్పుడో చనిపోయిన ఒక పాటలాయన గుర్తుగా ఆ దేశం వాళ్ళు వేసుకున్న నాణెమని ఆయన చెబుతుంటే కిటికీ దగ్గర నిలబడి విన్నాను. రాజు కాదు, మంత్రి కాదు. పాటలు కట్టినవాడు.

ఇక నా మనసు ఆగలేదు. మా తాతయ్యకు అది చూపించి తీరాలి. మరుసటి రోజు మధ్యాహ్నం షావుకారు కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీస్తున్నాడు. నాయన క్యారియరు ఇచ్చేసి, ఆ గదిలోకి దూరి, బిళ్ళ తీసి లంగా బొందు దగ్గర దోపుకుని గుట్టెక్కాను. చూపించి, ఆయన లేచేలోగా మళ్ళీ పెట్టేయాలని అనుకున్నాను. దొంగలందరూ అట్లాగే అనుకుంటారేమో.

తాతయ్యకు బిళ్ళ చూపించి, ఆ పాటలాయన సంగతి చెప్పాను. ఎవరిచ్చారని ఆయన అడిగితే, షావుకారే నీకు చూపించి రమ్మన్నాడని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మాడు. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, ఆ ఫిడేలు మీద వేలితో నిమిరి, ఎండకేసి తిప్పి తిప్పి చూశాడు.

"పాట కట్టినోనికి రూపాయి మీద బొమ్మేసినారంటే, అది మంచి దేశమమ్మా" అన్నాడు చివరికి.

ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. గుట్ట దిగేటప్పుడు పరుగెత్తుకుంటూ దిగాను. కిందికి వచ్చేసరికి ఫ్యాక్టరీ గేటు దగ్గర గుమాస్తా నిలబడి, లోపలికి వచ్చేవాళ్ళను వదులుతున్నాడు గాని బయటికి ఎవరినీ వదలడం లేదు. లారీ వచ్చిందని షావుకారును లేపారట. లేవగానే ఆయన కన్ను బల్ల మీద పడింది. లోపలికి అడుగు పెట్టానో లేదో, గేటు మళ్ళీ మూసేశారు.

అందరూ షెడ్డులో నిలబడి ఉన్నారు. మధ్యలో దోర్నాల అత్త. ఆమె మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని పెద్దదోర్నాల నుంచి వచ్చి మా వీధిలో గుడిసె వేసుకుంది. ఫ్యాక్టరీలో ఆఫీసు గది ఊడ్చి, కుండలో నీళ్ళు నింపేది ఆమే. పగిలిన పలక ముక్కలు మా పిల్లలకు తెచ్చిచ్చేది. ఊరికే ఇచ్చేది కాదు, చెయ్యి కోసుకుంటామని అంచులు అరగదీసి ఇచ్చేది. ఆ గదిలోకి పోయేది ఆమె ఒక్కతే కాబట్టి, పైగా కొత్తగా వచ్చిన మనిషి కాబట్టి, అందరి చూపూ ఆమె మీదే పడింది. గుమాస్తా ఆమె సంచి దులిపాడు. అన్నం గిన్నె నేల మీద బోర్లించాడు. ఇంకా తినని అన్నం ఆ బురదలో పడింది.

"నా బిడ్డల మీద ఆన అయ్యా, నేను దాన్ని ముట్టలేదు" అంది అత్త.

షావుకారు వినలేదు. సాయంత్రంలోగా బిళ్ళ రాకపోతే పోలీసు జీపు వస్తుందన్నాడు. బిళ్ళేమో నా బొడ్డు దగ్గర ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా గుచ్చుకుంటోంది. చెప్పేయాలని నోరు తెరవబోయాను, ఎదురుగా నాయన కనబడ్డాడు. దొంగ కూతురి తండ్రని ఆయన్ని పనిలోంచి తీసేస్తే?  అక్కడే గోడకు ఆనుకుని, నేలకేసి చూస్తూ ఉండిపోయాను. అత్త ఒక్కొక్కరి ముఖం వైపే చూస్తోంది, ఎవరైనా తన తరఫున ఒక మాట అంటారేమోనని. అరగంటసేపు చూసింది. ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

గేటు మూసిన సంగతి గుట్ట మీంచి చూసి తాతయ్య దిగి వచ్చాడు. విషయం అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. ఒక్కసారే.  ఇదుగో నా మనవరాలే తీసిందని అంటాడనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆయన అనలేదు. షావుకారు దగ్గరికి పోయి మెల్లగా చెప్పాడు.

"మా మందలో ఏదన్నా పోతే మేము ఎవర్నీ ఎతకమయ్యా. తలా ఒక ముద్ద ఏయిస్తాం. సొమ్ము సొమ్ము కాడికి వస్తాది, మనిషి పరువు మనిషి కాడ ఉంటాది."

షావుకారుకు అది మొదట నచ్చలేదు. కాని రాయి కొన్న ఆ యూరప్ ఆయన సరుకు చూసుకోవడానికి మరునాడు పొద్దున మళ్ళీ వస్తాడు, గేటు ముందు పోలీసు జీపు ఉంటే బాగుండదు. సరే కానీ అన్నాడు. తాతయ్య తన గొంగడిని షెడ్డు మూల రెండు స్తంభాల మధ్య తెరలా కట్టాడు. దాని వెనక ఒక తొట్టి పెట్టించాడు. ప్రతి ఒక్కరూ ఆ నల్ల బురద పిడికెడు తీసుకుని, ముద్ద చేసి, ఒంటరిగా గొంగడి వెనక్కి పోయి తొట్టిలో వేసి రావాలి. షావుకారు, గుమాస్తా, మా నాయన, అందరూ. పిల్లదాన్నయినా నన్ను కూడా నిలబెట్టాడు. ఎవరు ఏ ముద్ద వేశారో ఎవరికీ తెలియదు.

నా వంతు వచ్చింది. గొంగడి వెనక గొర్రె వాసన, తాతయ్య వాసన. బిళ్ళ తీసి ముద్దలోకి నొక్కాను. రాతిపొడి వెండి మీద గీసుకున్న చప్పుడు సన్నగా వినబడింది. ముద్ద తొట్టిలో వేసి ఇవతలికి వచ్చాను. అబ్బా, ఒళ్ళంతా తేలికైపోయింది.

తొట్టిలో నీళ్ళు పోసి కలిపితే అడుగున బిళ్ళ దొరికింది. గుమాస్తా దాన్ని పంచెతో తుడిచి ఇచ్చాడు. ఫిడేలు మీద ఒక గీత పడింది. అయినా షావుకారు ఊపిరి పీల్చుకుని, దొరికింది కదా, ఇక పనికి పొండి అన్నాడు. నేను గేటు వైపు నడవబోతున్నాను. అప్పుడు షావుకారు అత్త వైపు తిరిగి, రేపటి నుంచి నువ్వు రావద్దు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికీ ఖాయమైపోయింది. భయపడి ముద్దలో పెట్టేసింది ఆమేనని.

 అత్త కూర్చుని, బురదలో పడిన అన్నాన్ని గిన్నెలోకి ఎత్తుకోసాగింది. మా తాతయ్య గొంగడి విప్పి నిదానంగా మడత పెడుతున్నాడు. నేను పక్కన నిలబడితే, తలెత్తకుండానే అన్నాడు.

"నిన్ను గొంగడి కప్పింది. మరి ఆమెను ఏం కప్పుతాది?"

అంతే అన్నాడు. చెప్పమనలేదు, వద్దనలేదు. నేను ఆ మడతల వంకే చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అత్త గిన్నె సంచిలో పెట్టుకుని గేటు దాకా పోయింది. ఇంకో నాలుగడుగులు వేస్తే వీధిలో ఉంటుంది. అప్పుడు అరిచాను.

"నేనే తీసినా. అత్త తియ్యలేదు."

అరగదీసే చప్పుడు ఆగిపోయింది. నాయన వచ్చి చెంప మీద కొట్టాడు. రెండోసారి చెయ్యెత్తితే తాతయ్య పట్టుకున్నాడు. ముసలోణ్ణని చూడకు, నన్ను కూడా కొట్టు, నాకు చూపించడానికే తీసింది, ఎవరిచ్చారో నేను సరిగా విచారించలేదు అని అందరి ముందూ అన్నాడు. షావుకారు కాసేపు నన్నూ, ఆ గీత పడిన బిళ్ళనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత అత్త దగ్గరికి తనే నడిచి, నీ తప్పేం లేదమ్మా, రేపు పనికి రా అన్నాడు. అప్పటిదాకా కళ్ళు తుడుచుకోని అత్త, ఆ మాటకు గేటు పట్టుకుని భోరున ఏడ్చింది.

నాయనను పనిలోంచి తీసెయ్యలేదు. కాని వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. బడి తెరిచాక పిల్లలు నన్ను బిళ్ళదొంగ అన్నారు. అదంతా ఓర్చుకున్నాను. అత్త మాట్లాడకపోవడమే ఓర్చుకోలేకపోయాను. నెల దాకా నేను ఎదురొస్తే పక్కకు తిరిగి పోయేది. ఆమె కోపం న్యాయమైనదే, ఆ అరగంట నేను చూస్తూ నిలబడ్డాను కదా. ఒకరోజు సాయంత్రం మా గడప ముందు ఆగి, ఒక పలక ముక్క నా చేతిలో పెట్టి పోయింది. అంచులు తడిమి చూశాను. నున్నగా అరగదీసి ఉన్నాయి.

పోయిన సంవత్సరం మా కోడలి చెవికమ్మ ఒకటి కనబడలేదు. ఇంట్లో అంట్లు తోమే అమ్మాయిని రెండు రోజులు అందరూ ఒక రకంగా చూశారు. మూడో రోజు అది దిండు గలేబులో దొరికింది. దొరికిందిలే అని అందరూ టీవీ ముందు కూర్చున్నారు. నేను మాత్రం, కోడలు ఆ అమ్మాయిని పిలిచి నీ తప్పేం లేదని నలుగురి ముందూ ఒక మాట చెప్పేదాకా అన్నం ముట్టలేదు. చాదస్తమన్నారు. అననీ. ఆమెను ఏం కప్పుతుందని ఆ రోజు మా తాతయ్య అడిగాడు. ఒక్కసారి జవాబు చెబితే తీరిపోయే ప్రశ్న కాదది. నేనింకా చెబుతూనే ఉన్నాను.