జామెట్రీ పెట్టెలో పదకొండు మంది

యాభై ఏళ్ళు దాటిపోయాయి. ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళూ మోశాను. పెద్దదేం కాదు, నాలుగు ముక్కలు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నపిల్లలకి చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే మీరు నన్నెరగరు. చదివి ఊరుకుంటారు. నాకిప్పుడు కావలసింది అంతే.

అరవైల చివర్లో మాట. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే దారిలో మా ఇల్లు. నాకు పదకొండేళ్ళు. మా మేనమామగారి ఇల్లు రెండు సందుల అవతల. ఆయన కొడుకు సూరిబాబు నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకు బావ. మా అమ్మకి ఆ అన్న కొడుకంటే ప్రాణం. బావ వచ్చి ఓ ముద్ద తినకపోతే ఆ పూట ఆవిడకి వంట చేసినట్టే ఉండేది కాదు.

అప్పట్లో ఒక రకం పిప్పరమెంటు పొట్లం అమ్మేవారు. అందులో బిళ్ళలతోపాటు అట్టముక్క మీద అచ్చేసిన క్రికెట్ ఆటగాడి బొమ్మ ఒకటి ఉండేది. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. వెనకవైపు ఇంగ్లీషులో అతని పరుగులూ వికెట్లూ. ఏ పొట్లంలో ఎవరుంటారో విప్పితేగానీ తెలియదు. కళ్ళద్దాల బౌలరొకడు ఊళ్ళో ప్రతి పిల్లాడి దగ్గరా ముగ్గురేసి ఉండేవాడు. వాణ్ణి ఎవరూ మార్చుకునేవారు కాదు, పాపం.

బావ దగ్గర పదిమంది ఉండేవారు. మూత వంకరపోయిన జామెట్రీ పెట్టెలో బ్యాటింగు వరసలో పేర్చేవాడు. పెట్టె తీస్తే పిప్పరమెంటు వాసన. కిరాణా కొట్టు రేడియోలో కామెంటరీ వస్తుంటే, మా అరుగు మీద బొమ్మలు పరిచి ఎవరు ఎక్కడ నిలబడాలో సర్దేవాడు. అవి గాలికి ఎగిరిపోకుండా చింతపిక్కలు పెట్టడం నా పని. అంతకుమించి నన్ను వేలు పెట్టనిచ్చేవాడు కాదు. కానీ పదకొండోవాడు, వికెట్ కీపరు, నా దగ్గరున్నాడు. మా నాన్న విజయనగరం నుంచి తెచ్చిన ఒకే ఒక్క పొట్లంలో వచ్చాడు. బావ బతిమాలాడు, బెదిరించాడు. ఇవ్వలేదు. ఇచ్చేస్తే ఆ చింతపిక్కల పని కూడా పోతుందని నా భయం.

ఆ ఎండాకాలం వాళ్ళింట్లో అమ్మవారు పోసింది. పుస్తకాల్లో మశూచి అంటారు. ముందు బావ చెల్లెలికి. గుమ్మానికి వేపమండలు కట్టారు. అమ్మవారున్న ఇంటికి బయటివాళ్ళు వెళ్ళరు. ఆవిడ దిగిపోయాక బొంతలూ కాగితాలూ అన్నీ తగలబెడతారు. అది తెలిసే బావ ఒక పొద్దున మా పెరటి గోడ మీంచి జామెట్రీ పెట్టె అందించాడు. దాచమన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. తగ్గాక నీ బొమ్మ కూడా కలిపి ఆడదాం, టీము మనిద్దరిదీ అన్నాడు. వారం తిరక్కుండా తనూ మంచం పట్టాడు.

మా అమ్మ రోజూ రాగిపిండితో చోడి అంబలి కాచి, ముంత వాళ్ళ అరుగు మీద పెట్టి వచ్చేది. గడప దాటేది కాదు, ఇంట్లో నేనున్నానని. సందు మలుపు దాకా ఏడుస్తూ నడిచేదట. మా నాన్న తర్వాతెప్పుడో చెప్పాడు.

మరి నేను? చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను ఆ రోజుల్లో సంతోషంగా ఉన్నాను. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసినప్పుడు గడ్డివాము వెనక పదకొండుమందినీ పరిచేదాన్ని. వాళ్ళు నేను చెప్పిన చోట నిలబడేవారు. కళ్ళద్దాల బౌలరుకి కొత్త బంతి ఇచ్చాను. బావ ఎప్పుడూ ఇవ్వలేదు. బావ తొందరగా లేవాలని దేవుడికి మొక్కానా? మొక్కాననే అనుకుంటున్నాను. మొక్కుతూనే, ఇంకో నాలుగు రోజులు పోనీ అని కూడా లోపల అనుకున్నానేమో. ఇద్దరిదీ అన్నాడు గానీ, ఇద్దరిదీ అంటే మళ్ళీ నాకు చింతపిక్కలేగా?

అమ్మవారు దిగింది. బావకి తలంటు పోశారు. ఆ ఆదివారం మా అమ్మ తెల్లారే అరసవల్లి వెళ్ళింది, మేనల్లుడు బతికి బట్టకట్టినందుకు మొక్కు తీర్చడానికి. ఆవిడ ఇంట్లో లేనప్పుడే బావ వచ్చాడు. సన్నబడిపోయాడు. ముఖమంతా గుంటలు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను.

"ఏదే పెట్టి?" అన్నాడు.

నేను తలెత్తలేదు. "నేదు బావా. మాయమ్మ కాల్సీసింది."

"అత్తా?"

"ఊఁ. మీ ఇంటికాడ్నించి వచ్చిందని తెలిసిపోనాది. పొయ్యిలో ఎట్టీసింది."

"ఏటన్నాది?"

"ఏటీ అన్నేదు."

బావ ఒకసారి చెంప తడుముకున్నాడు. కోప్పడలేదు. ఇంకేమీ అడగలేదు కూడా. అమ్మవారింటి వస్తువు కాలిస్తే ఎందుకు కాల్చావని ఎవరూ అడగరు, అడిగితే ఆ తల్లికి కోపం వస్తుంది. అది నాకు తెలుసు. తెలిసే ఆ అబద్ధం ఎంచుకున్నాను. పదకొండేళ్ళ పిల్ల, ఏం తెలుస్తుంది అని మీరనొద్దు. తెలుసు.

మధ్యాహ్నం అమ్మ ప్రసాదం పట్టుకుని నేరుగా వాళ్ళింటికి వెళ్ళింది. బావ లోపలి గదిలోంచి రాలేదట. నీరసమేమో అనుకుంది. తర్వాత చదువనుకుంది. ఆ తర్వాత ఏమీ అనుకోలేకపోయింది. బావ మళ్ళీ మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. పెళ్ళికి పిలిస్తే వచ్చేవాడు, దూరంగా నిలబడి వెళ్ళిపోయేవాడు. పనసకాయ కూర వండినప్పుడల్లా అమ్మ ఓ గిన్నెలో తీసి పక్కన పెట్టేది. సాయంత్రానికి అది మేమే తినేవాళ్ళం.  నేనూ తిన్నాను.

అమ్మ పోయే ముందు కూడా అడిగింది. "మా అన్న కొడుక్కి నానేటి తక్కువ సేసినానే?" అని. ఏమో అమ్మా, నాకేం తెలుసు అన్నాను. చిన్నప్పుడు చెప్పింది ఒక అబద్ధం. ఇది రెండోది. దీనికి వయసు సాకు కూడా లేదు. నోరు తెరిస్తే అయిపోయేది కదా? ఆవిడ నన్ను తిట్టి, తేలిగ్గా పోయేది. కన్నతల్లి దగ్గర తిట్లు పడ్డానికి భయపడ్డానా? లేక ఆఖరి ఘడియల్లో నేను మంచి కూతురిలా కనబడాలనుకున్నానా? రెండోదే అని నాకు అనుమానం.

బొమ్మలతో మళ్ళీ ఆడుకోలేదు. ఎవరైనా చూస్తారని భయం. అటక మీది నుంచి నా ట్రంకు పెట్టెలోకి, అక్కణ్ణించి అత్తవారింటికి వచ్చాయి. దొంగిలించిన దానికి ఆ సుఖం కూడా దక్కలేదు.

మొన్న రాజాంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బావ ఇప్పుడు అక్కడే ఉంటాడు. జామెట్రీ పెట్టె చేతిసంచిలో వేసుకునే వెళ్ళాను, ఇచ్చేద్దామని. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఎక్కడో మా అమ్మ మాట వచ్చింది. ఆ పాత పెట్టె సంగతి నేనే ఎత్తాను. చెప్పేద్దామనే ఎత్తాను. బావ నవ్వి నా చెయ్యి తట్టాడు. "నీ తప్పేటున్నాదే, సిన్నపిల్లవి. అత్తకే నాను కానోణ్ణయిపోనాను. నా ముఖాన్ని అసియించుకునే పెట్టి కాల్సీసింది" అన్నాడు.

సంచి మూతి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. భోజనాలకి పిలిచారు. బావ లేచి వెళ్ళాడు. నేను పెట్టెతోనే తిరిగొచ్చాను.

ఇప్పుడు అది నా ముందుంది. పదకొండుమందీ ఉన్నారు. వాసన పోయింది. ఈ కాగితం బావకి ఎప్పుడైనా చేరుతుందో లేదో, చేర్చే ధైర్యం నాకు వస్తుందో లేదో తెలియదు. క్షమించమని అడగను. అడగవలసిన ఇద్దరిలో ఒకరు లేరు. కానీ యాభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా అనని మాట ఇవాళ రాయగలిగాను, గుండె కొంచెం తేలికపడింది.

మా అమ్మ కాల్చలేదు. నేను దాచుకున్నాను.